ఐదు గింజలియ్యమంటే పిడికెడు ఇచ్చిన పాప: ఒకటో తరగతి కేస్ స్టడీ

ఆగస్టు మొదటి వారం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒకటో తరగతి పాప ట్యాబ్ పట్టుకొని నా కుర్చీ దగ్గరికి ఉరికొచ్చింది. "సారూ, గిటు సూడు, స్టార్లన్నీ నాకే పడ్డయ్." పాచికలు రాలే ఆట అది. పైనుంచి పాచిక మెల్లగా దిగుతుంది. నేలకు తాకేలోపు దాని మీద ఎన్ని చుక్కలున్నాయో ఆ అంకె నొక్కాలి. నేను చూస్తుండగానే ఇంకో పది పాచికలు ఆడింది. ఒక్కటీ తప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా ఆలోచన పాప మీద లేదు. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే చోట, ఇది చూపిస్తే బాగుంటుందని ఫోన్ తీసి వీడియో పెట్టాను.

పక్కనే చింతగింజల డబ్బా ఉంది. వీడియో చివర బాగుంటుందని, "బిడ్డా, నాకు ఐదు గింజలియ్యి" అన్నాను.

డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి నా అరచేతిలో పోసింది.

"ఇవి ఐదేనా?"

"ఆఁ సారూ, ఐదే."

"లెక్కపెట్టి చెప్పు."

గింజలు బల్ల మీద పోసి, ఒక్కోదాన్నీ వేలితో జరుపుతూ ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పదకొండు దాకా పోయింది. ఒక్క గింజ వదల్లేదు, ఒక్క అంకె దాటేయలేదు.

"అయితే ఎన్నున్నట్టు?"

"ఐదు."

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది. మీటింగ్‌లో చూపించలేదు.

పాపను ఇక్కడ చిట్టి అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. మా బడి నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో, రెండూ నావే. చుట్టూ పత్తి చేన్లు, కాస్త అవతల బత్తాయి తోటలు. వాన పడితే పంట, పడకపోతే హైదరాబాద్ బస్సు. చిట్టి అమ్మానాన్నలు ఆ బస్సెక్కినవాళ్ళే. కట్టే అపార్ట్‌మెంట్ పక్కన రేకుల షెడ్డులో ఉంటారు. చిట్టి కూడా ఐదేళ్ళు నిండేదాకా అక్కడే పెరిగింది. అంగన్‌వాడీ ముఖం చూడలేదు. తల్లి ఇటుకలు మోస్తుంటే పాప చేతిలో ఫోన్ ఉండేది. జూన్‌లో బడి తెరిచే నాటికి ఊళ్ళో అవ్వ దగ్గర దింపిపోయారు. అందుకే ట్యాబ్ పట్టుకోవడంలో ఒకటో తరగతి పిల్లలు తొమ్మిది మందిలో ఆమెదే పైచెయ్యి. వేలు ఎక్కడ ఆనించాలో, ఎక్కడ లాగాలో మాకు ఆమే నేర్పింది.

ట్యాబ్‌లు రెండున్నాయి. మా ఊరి అబ్బాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు పాతవి ఇచ్చి పోయాడు. ఒకదాని మూల పగిలితే టేపు వేసుకున్నాం. బడిలో నెట్ లేదు, కాబట్టి నెట్ లేకుండా నడిచే ఆటలే మాకు పనికొస్తాయి.

చిట్టి విషయంలో నన్ను కంగారు పెట్టింది ఒకటే. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. అంతకు ముందు ఏడాది, 2021లో, కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది. చిన్న తరగతుల్లోనే ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, మామూలు లెక్కలు రావాలన్నది రెండిటి ఉద్దేశమూ. మంచిదే. అంకెలు చెప్పడం వచ్చా, గుర్తుపట్టడం వచ్చా అని చూసుకుంటే చిట్టికి అన్ని గళ్ళలోనూ టిక్కులు పడతాయి. ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తుంది. రాసిన 7ను చూపిస్తే ఏడంటుంది. ట్యాబ్‌లో అయితే ఫుల్ స్టార్లు. మరి ఐదు గింజలు ఎందుకివ్వలేకపోయింది?

లెక్కపెట్టడం అనే పని మనకు ఒకటే పనిలా కనిపిస్తుంది గాని, లోపల నాలుగైదు పనులున్నాయి. రోషెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1978లోనే వీటిని విడదీసి చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చెప్పడం ఒకటి. అంకెల వరస ఎప్పుడూ మారకుండా ఉండటం రెండు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెప్తుందని తెలియడం మూడు. దేన్నైనా లెక్కపెట్టవచ్చని, ఏ చివర నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదని మిగతా రెండు. చిట్టికి మొదటి రెండూ ఉన్నాయి. మూడోదే లేదు. ఆమెకు "పదకొండు" అంటే ఆఖరి గింజ పేరు. పదకొండు గింజల కుప్ప పేరు కాదు.

ఈ లోటును పట్టుకునే పరీక్ష నేను అనుకోకుండా చేసిందే. "ఎన్నున్నాయి" అని అడగడం కాదు, "ఇన్ని ఇయ్యి" అని అడగడం. కేరన్ విన్ అనే పరిశోధకురాలు 1990, 1992 పరిశోధనల్లో చిన్నపిల్లలతో ఇదే పద్ధతిలో పనిచేసి, పిల్లలు ముందు 'ఒకటి' అర్థం చేసుకుంటారని, కొన్ని నెలలకు 'రెండు', తర్వాత 'మూడు' అని, ఆ తర్వాత ఒక్కసారిగా లెక్కింపు గుట్టు తెలిసిపోతుందని చూపించారు. మర్నాడు తొమ్మిది మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడిగాను. చిట్టి ఒకటి ఇచ్చింది, రెండు ఇచ్చింది, మూడు కాస్త ఆలోచించి ఇచ్చింది. నాలుగు అనగానే పిడికెడు. మామూలుగా నాలుగేళ్ళ లోపలో, అటూ ఇటుగానో దాటే మెట్టు అది. పాపకు ఐదున్నర. తొమ్మిది మందిలో ఇంకో ఇద్దరు కూడా ఇంచుమించు అక్కడే ఉన్నారని తేలింది. వాళ్ళిద్దరివీ స్టార్లు మాత్రం తక్కువ, అందుకని నాకు అనుమానం ముందే ఉంది. చిట్టి మీద రాలేదు. స్టార్లు నా కళ్ళు కప్పాయి.

ఇక స్టార్లు ఎట్లా వచ్చాయన్నది. పాచిక మీద ఐదు ఎప్పుడూ ఒకే ముగ్గులా ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు, నడిమిట్ల ఒకటి. ఆ ముగ్గు కనిపిస్తే ఈ మీట నొక్కాలి. చిట్టి నేర్చుకుంది అది. వాట్సాప్ గుర్తు చూసి వాట్సాప్ తెరిచినట్టే. ఇందులో తప్పేం లేదు. మూడు, నాలుగు చుక్కల్ని లెక్కపెట్టకుండా చూపుతోనే పోల్చుకోవడం కూడా అంకెల జ్ఞానంలో భాగమే. కానీ ఐదు చుక్కల్ని వరసగా గీసి చూపిస్తే ఆగిపోయింది. వంకరటింకరగా వేస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి, చివరకు "ఎన్ని?" అంటే ఇంకోసారి మొదట్నుంచి లెక్కపెట్టింది. "ఎన్ని" అనే మాట ఆమెకు ప్రశ్న కాదు, లెక్కపెట్టమని ఆర్డర్.

ఇక్కడ ఒక మాట. మన తెలుగులో దీనికి ఒక చక్కని కిటికీ ఉంది, ఇన్నేళ్ళ సర్వీసులో నేనూ గమనించలేదు. వస్తువులైతే మూడు, మనుషులైతే ముగ్గురు. ట్యాబ్‌లో ఒక బొమ్మలో పిల్లలు ఆడుకుంటున్నారు. రెండో తరగతి పాప దాన్ని చూసి "ఒకటి, రెండు, మూడు, నాలుగు... నలుగురు" అంది. నాకు చటుక్కున వెలిగింది. లెక్కపెట్టేటప్పుడు వరస మాటలు వాడింది, ఆగాక గుంపు మాట వాడింది. 'నాలుగు' నుంచి 'నలుగురు'కి మారిందంటే, ఇది ఆఖరి పిల్లవాడి పేరు కాదు, అందరి లెక్క అని తెలిసినట్టే. అదే బొమ్మ చిట్టికి చూపించాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని ఊరుకుంది. "ఎంతమంది?" అంటే "శానమంది" అంది. ఇంగ్లీషులో మాట్లాడే ఏ ఆటా ఈ తేడాను పట్టుకోలేదు, ఆ భాషలో మనుషులైనా మామిడికాయలైనా త్రీ త్రీయే. అప్పటి నుంచి పిల్లల్ని లెక్కపెట్టమనడం రోజూ పెట్టుకున్నాను. హాజరు పిలిచాక "ఇయ్యాల ఎంతమంది వచ్చిండ్రు?" అని ఒకటో తరగతినే అడుగుతాను.

భాష సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2022-23 నుంచి మా బళ్ళు ఇంగ్లీషు మీడియం. ట్యాబ్‌లో ఆటలూ ఎక్కువ ఇంగ్లీషులోనే పలుకుతాయి. రెండో తరగతి పిల్లలు "ఫోర్టీన్" వినగానే 41 నొక్కుతున్నారు. వాళ్ళ చెవికి ముందు ఫోర్ వినబడింది, ముందు 4 నొక్కారు. మొద్దులని అనుకోవడానికేం లేదు. అదే "పద్నాలుగు" అని నేను పలికితే 14 నొక్కారు. తెలుగులో పది ముందొస్తుంది, నాలుగు తర్వాత వస్తుంది, రాసేదీ అదే వరసలో. ఇరవై దాటితే ఇంకా సుఖం, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఎక్కడా మెలిక లేదు. మహబూబ్‌నగర్‌లో ఉర్దూ మీడియం చెప్పే నా స్నేహితుడి కష్టం వేరు. ఉర్దూలో వంద దాకా దాదాపు ప్రతి అంకెకూ వేరే రూపం, ఉన్నీస్, ఉంతీస్ లాంటివి 'పైపదికి ఒకటి తక్కువ' అని చెప్తాయి. మా తండా పిల్లలు ఇంట్లో తమ గోర్ (లంబాడీ) మాటల్లో లెక్కపెట్టుకొని బడిలో తెలుగు చెప్పి ట్యాబ్‌లో ఇంగ్లీషు వింటారు. మూడు భాషల్లో అంకెల పాట నేర్చిన పిల్లకు గుంపు ఎంతో తెలియాల్సిన పని లేకుండానే రోజు గడిచిపోతుంది. ట్యాబ్ సౌండ్ తీసేసి, పక్కన కూర్చున్న పిల్ల తెలుగులో చెప్పాలని రూలు పెట్టాను. ఒక ట్యాబ్‌కు ఇద్దరు. ఒకరు వేలు, ఒకరు నోరు.

ఆటల ఎంపికలో నేను చేసిన పొరపాట్లు దాచుకోను. మొదట్లో దొరికిన ఫ్రీ ఆటలన్నీ ఎక్కించాను. ఒకదాంట్లో జవాబు తప్పయితే కోతి చెట్టు మీంచి దబ్బున పడుతుంది. ఒప్పయితే ఊరికే టిక్కు. వారంలోపే తొమ్మిది మందీ కావాలని తప్పు నొక్కడం మొదలుపెట్టారు. నేనైనా అదే చేస్తాను, కోతి పడేది బాగా పడుతుంది. ఇంకొకటి ఇంట్లో నెట్ ఉన్నప్పుడు తెరిస్తే మూడు ఆటలకొకసారి ప్రకటన. దాన్ని మూసే గుర్తు ఏ మూలన ఉంటుందో పిల్లలకు ఒక్క రోజులో తెలిసిపోయింది. సున్నా అంటే ఏంటో తెలియడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

అన్నిటికంటే పెద్ద పాఠం పాములు-నిచ్చెనల ఆట నేర్పింది. ట్యాబ్‌లో పాచిక దానంతటదే దొర్లుతుంది, ఐదు పడితే గుర్రం దానంతటదే ఐదు గళ్ళు నడుస్తుంది. పిల్ల చేసేది ఒక్కసారి వేలు ఆనించడం. లెక్కపెట్టే పనంతా ఆటే చేసేస్తుంటే పిల్ల ఏం నేర్చుకుంటుంది? ఈ సందర్భంలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి చేసిన పని నాకు బాగా ఉపయోగపడింది. 2008లో వాళ్ళు అమెరికాలో పేదింటి నాలుగైదేళ్ళ పిల్లలతో 1 నుంచి 10 దాకా వరసగా గళ్ళున్న ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, అంతే. అంకెల మీద పిల్లల పట్టు బాగా పెరిగింది. అంకెలు లేకుండా రంగుల గళ్ళతో అదే ఆట ఆడినవాళ్ళలో ఆ మార్పు రాలేదు. తర్వాత గళ్ళు గుండ్రంగా పెట్టి చూస్తే అంత ఫలితం రాలేదు. తిన్నని వరస మీద కుడికి పోయేకొద్దీ అంకె పెద్దది, నడక ఎక్కువ, పట్టే సేపు ఎక్కువ, అన్నీ ఒక్కచోట కలుస్తాయి. మన వైకుంఠపాళి పటంలో మొదటి వరస కుడికి, రెండో వరస ఎడమకు తిరుగుతుంది. పెద్ద పిల్లలకు సరదా, చిట్టిలాంటి వాళ్ళకు తికమక.

ఆ ఆటలో ఇంకో కీలకం ఉంది. ఐదో గడిలో ఉన్న పిల్లకు రెండు పడితే "ఒకటి, రెండు" అని జరగకూడదు. "ఆరు, ఏడు" అంటూ జరగాలి. మా పిల్లలు అందరూ "ఒకటి, రెండు" అనేవాళ్ళే. ట్యాబ్‌లో ఇది దిద్దే దారి లేదు. వరండా బండల మీద చాక్‌పీసుతో పది గళ్ళు గీశాను, ఎడమ నుంచి కుడికి. పాచిక బదులు రూపాయి బిళ్ళ. బొమ్మ పడితే ఒక అడుగు, బొరుసు పడితే రెండు. పిల్లే గుర్రం. కాలు ఏ గడిలో పడితే ఆ అంకె గట్టిగా అనాలి, అనకపోతే వెనక్కి. వాన జల్లుకు గీతలు చెరిగిపోయేవి, రోజూ గీసేవాణ్ణి. చివరికి మా వంటామె రంగు డబ్బా తెచ్చి వేసింది, ఆమె వేసిన 4 అటుది ఇటు తిరిగింది గాని ఎవరూ పట్టించుకోలేదు.

ట్యాబ్‌ను పక్కన పడేయలేదు. పాచికల ఆట, గుర్రం ఆట తీసేశాను. జీకంప్రీ అనే ఉచిత ఆటల సంపుటి ఉంది. 2000లో ఒక ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టింది, ప్రకటనలు లేవు, నెట్ అక్కర్లేదు. అందులో పండ్లో ఇంకేవో తెరంతా చెల్లాచెదురుగా పడి ఉండే ఆట ఒకటుంది. వాటిని వేలితో లాగి ఇష్టమొచ్చినట్టు సర్దుకోవచ్చు. సర్దుకొని, లెక్కపెట్టి, ఎన్నో చెప్పాలి. తొందర లేదు, పడిపోయేది లేదు. చూడ్డానికి చప్పటి ఆట. మొదట్లో చిట్టికి అస్సలు నచ్చలేదు, "స్టార్లు రావట్లే" అని మూతి ముడిచింది. కానీ వస్తువుల్ని కదిలించడం ఇందులో పిల్ల చేతి పని. ఆమె ఎట్లా సర్దుతోందో చూస్తే ఆమె తల లోపల ఏం జరుగుతోందో నాకు కొంత కనిపిస్తుంది. ట్యాబ్ వల్ల నాకు దొరికిన అసలు లాభం అది.

సెప్టెంబరు మధ్యలో చిట్టి అవ్వ బడికొచ్చింది, కోపంగానే.

"సారు, ఫోన్ల ఆడితె లెక్కలొస్తయా? మా పెద్దకోడలు కొడుకు పొద్దందాక ఆడుతనే ఉంటడు, వానికేమొచ్చింది? కండ్లు బోయినయ్."

ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు రోజుకు గంటకు మించి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఇంకా తక్కువైతే ఇంకా మంచిదంది. చిట్టికి ఐదు దాటినా, మా లెక్క రోజుకు పావుగంటే. అదీ ఇద్దరు కలిసి. అది అవ్వకు చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. అప్పుడు అడిగాను, "అవ్వా, ఇంట్ల ఓనగుంటలు ఆడుతరా?"

"ఎందుకాడం. పాప బాగనే పోస్తది గింజలు."

ఓనగుంటలు తెలియనివారికి: గుంటలో గింజలు తీసి, ఒక్కో గుంటకు ఒక్కోటి వేసుకుంటూ పోతారు. ఒక గుంటకు ఒక గింజ, ఒక్క గుంట దాటేయకూడదు. ఇదే గెల్మన్ చెప్పిన మొదటి పని. చిట్టికి అది ఎందుకంత బాగా వచ్చో నాకు అప్పుడర్థమైంది. కానీ గింజలు వేసేటప్పుడు ఎవరూ అంకెలు పైకి అనరు. "అవ్వా, ఇకమీద గుంటల కెల్లి తీసినప్పుడు ఎన్ని తీసినవో పాపనడుగు. పిడికిట్ల పట్టుకునే చెప్పాలె" అన్నాను. "గదేం పెద్ద పని" అని పోయింది.

తర్వాత దసరా సెలవులు, సెలవుల వెంబడే పత్తి ఏరడం. అవ్వ చేనుకు పోతే పాపా పోయింది. నవంబరులో మూడు వారాలు చిట్టి బడికి రాలేదు. నా వరండా గళ్ళూ, నా జీకంప్రీ అన్నీ ఆగిపోయాయి. తిరిగొచ్చాక అంతా మొదటికొచ్చి ఉంటుందనుకొని డబ్బా ముందు పెట్టి "నాలుగు గింజలియ్యి" అన్నాను. నాలుగు తీసి ఇచ్చింది. "ఎన్ని?" అంటే "పుంజీ" అంది.

పుంజీ అంటే నాలుగు. ఓనగుంటల్లో గుంటలో నాలుగు గింజలు పడితే పుంజీ అని తీసుకుంటారు. ఐదు అడిగాను. నాలుగు తీసి పక్కన పెట్టి, ఇంకొకటి తీసి, "పుంజీ, ఇంగొకటి. ఐదు" అంది. ఎనిమిదికి రెండు పుంజీలు పెట్టి, అప్పుడు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి సరిచూసుకుంది. ఎక్కడో పత్తి చేను గట్టున, నేను లేని చోట, మెట్టు దాటేసింది.

మర్నాడు ట్యాబ్ ఇచ్చి పండ్ల ఆట తెరిచాను. తెర మీద ఏడు జామపండ్లు. నాలుగు లాగి ఒక కుప్ప, మూడు లాగి ఇంకో కుప్ప. ఏడు నొక్కింది. ఇంతకుముందు ఆమె పండ్లను ఒక వరసగా పేర్చేది, వరస మధ్యలో లెక్క తప్పేది. ఇప్పుడు అవ్వ ఆట ట్యాబ్‌లోకొచ్చింది. స్టార్లు రావట్లేదని అనలేదు. ఆ నెలలో రోజూ ఆమె అడిగి ఆడింది ఆ ఒక్క ఆటే. ప్రతిసారీ కొత్త సంఖ్య, కొత్త చెల్లాచెదురు. అన్ని రకాలుగా గింజలు పోసి కూర్చునే ఓపిక నాకు లేదు, రెండో తరగతిని వదిలి కూర్చోలేను కూడా. ఆ పని యంత్రం విసుక్కోకుండా చేసింది.

ఈ మార్పు దేనివల్ల అని కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒకరు అడిగారు. అవ్వ ఆట వల్ల ఎంత, వరండా గళ్ళ వల్ల ఎంత, ట్యాబ్ వల్ల ఎంత అని తూకం వేసి చెప్పే దారి ఒక్క పిల్లతో ఉండదు. మిగతా ఇద్దరు పిల్లల్లో ఒకడు డిసెంబరుకు దాటాడు, వాడికి ఓనగుంటలు లేవు. ఇంకో పాప ఇంకా మూడు దగ్గరే ఉంది. అదే మీటింగ్‌లో ఇంకొకరు ట్యాబ్‌లు ఇస్తే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారని టాంజానియా ఉదాహరణ చెప్పారు. గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీ అది. బడి అందుబాటులో లేని ఊళ్ళ పిల్లలకు ట్యాబ్‌లిచ్చి 15 నెలలు చూశారు. 2019లో వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్ బహుమతి పంచుకున్నాయి. పిల్లలు నేర్చుకున్న మాట నిజమే. కానీ ఆ ఆటలన్నీ అక్కడి స్వాహిలి భాషలో, చిన్న చిన్న మెట్లుగా, ఆ పిల్లల కోసమే తయారైనవి. నేను ప్లేస్టోర్‌లో వెతికి ఎక్కించిన కోతి ఆటకూ దానికీ పోలికేంటి?

చిట్టి గురించి రాస్తూ ఒక పిల్లవాణ్ణి వదిలేస్తే తప్పవుతుంది. గొర్లకాపరుల ఇంటివాడు. పాచికల ఆటలో వాడికి వచ్చిన స్టార్లు దాదాపు సున్నా. పాచిక దిగుతుంటే బిగుసుకుపోయి చూస్తూ ఉండిపోయేవాడు, టెన్షన్‌తో చెమటలు. వెనకబడ్డవాడని రాసుకున్నాను. గింజల పరీక్ష నాడు తొమ్మిది అడిగితే "రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది" అని జతలుగా తీసి, "ఇగో ఒకటి" అని తొమ్మిదోది పెట్టాడు. ఒకటో తరగతిలో అట్లా చేసినవాడు వాడొక్కడే. "ఎవరు నేర్పిండ్రురా?" అంటే, సాయంత్రం గొర్లు దొడ్లోకి పోయేటప్పుడు తాత జతలు లెక్కపెడతాడట, వీడు దారి దగ్గర నిలబడతాడట. గొర్లు కూడా ఆగవు కదా అని నేనంటే, "తప్పితె తాత మల్ల లెక్కవెడ్తడు సారు, స్టార్లు గుంజుకోడు" అన్నాడు. ఆ రోజే టైమర్ ఉన్న ఆటలన్నీ ఒకటో తరగతి ట్యాబ్ నుంచి తీసేశాను. వాడి పేరు పక్కన నేను రాసుకున్న మాట కూడా కొట్టేశాను.

ఇప్పుడు ఏ కొత్త ఆట దొరికినా ముందు నేనే పావుగంట ఆడతాను. లెక్కపెట్టే పని ఎవరు చేస్తున్నారు, నా వేలా, ఆటా అని చూస్తాను. అంకె తెలియకుండా గెలిచే దొంగదారి కోసం వెతుకుతాను. తప్పు చేస్తే ఏం జరుగుతుందో చూడ్డానికి కావాలని పది తప్పులు చేస్తాను. ఎంచుకున్న ఆటను పిల్లలకిచ్చాక, పావుగంట అయిపోగానే ట్యాబ్ మూసి అదే పని గింజలతో చేయిస్తాను. ఆటలో వచ్చి గింజల్లో రాకపోతే ఆ స్టార్లను రిజిస్టర్‌లో ఎక్కించను. గింజల్లో వచ్చి ఆటలో రాకపోతే ఆటనే మారుస్తాను.

సంక్రాంతికి చిట్టి అమ్మానాన్నలు ఊరికొచ్చారు. పండగ అయిన మూడో రోజు తల్లి బడికొచ్చి, వేరే బడికి మారడానికి ఇచ్చే రికార్డ్ షీట్ అడిగింది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, చూసుకోలేకపోతోందట. సైటుకు దగ్గర్లో సర్కారు బడి ఉందట, అక్కడ వేస్తారట. నేను ఉంచమని అడిగాను, ఆమె తల వంచుకొని నిలబడింది. ఎక్కువ అడగలేకపోయాను. చిట్టి మాత్రం హుషారుగా ఉంది. వరండా గళ్ళ మీద ఒకటి నుంచి పది దాకా, పది నుంచి ఒకటి దాకా గెంతుతూ తిరుగుతోంది, వంటామె వేసిన తిరగబడ్డ 4 మీద రెండు కాళ్ళూ పెట్టి.

రికార్డ్ షీట్‌లో రాయడానికి చోటు లేని సంగతులు వేరే కాగితం మీద రాసి, మడిచి తల్లికిచ్చి, అక్కడి టీచరుకు ఇయ్యమన్నాను. నాలుగు ముక్కలే: "పది దాకా ఎన్నడిగినా లెక్కపెట్టి ఇస్తుంది. పది దాటితే ఇంకా తడబడుతుంది. ట్యాబ్‌లో చకచకా నొక్కితే వచ్చిందనుకోవద్దు, గింజలిచ్చి అడగండి. నాలుగేసి కుప్పలు పెట్టుకుంటుంది, వద్దనకండి."